మీ అమ్మగారి డిజిటల్ కీ ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక మెట్ట గ్రామం. 2021 ఎన్నికల్లో మా ఊరు మహిళా రిజర్వేషన్‌లోకి రావడంతో అమ్మ సర్పంచి అయింది. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి గ్రూప్-1కి చదువుతున్నాను. మొన్న కోచింగ్ సెంటర్ టెస్టులో ‘జాతీయ ప్రభుత్వాలు తమ అధికారాన్ని ప్రాంతీయ, స్థానిక ప్రభుత్వాలకు ఎందుకు బదిలీ చేస్తాయి?’ అని అడిగారు. ‘ప్రజల ముంగిటికి పాలన’ అంటూ రెండు పేజీలు రాశాను, మార్కులు బాగానే వచ్చాయి. ఆదివారం ఇంటికెళ్ళి ఆ పేపరు అమ్మకు చదివి వినిపిస్తే నవ్వింది. ‘అధికారం యాడుందే? వీధిలైటుకి బల్బు మార్చాలంటే చేతిలో రూపాయి లేకపాయె’ అంది. పుస్తకం చెప్పేది నిజమా, అమ్మ చెప్పేది నిజమా? అసలు చేతిలో ఉన్న అధికారాన్ని ఎవరైనా ఊరికే ఎందుకిస్తారు? ఇంకో మాట. అమ్మను మళ్ళీ నిలబడమని ఊళ్ళో వాళ్ళు అడుగుతున్నారు. నాన్నకు ఇష్టం లేదు. నేనేం చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉంది.
ఒక సర్పంచి కూతురు

సమాధానం: అమ్మాయ్, ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఇంకా నవ్వగలుగుతున్న సర్పంచి గురించి విని చాలా రోజులైంది. నేను ఈ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే పంచాయతీ ఈవోగా చేరి, ఈవోపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా రిటైరైనవాణ్ణి. తీర్మానాల పుస్తకాలు రాసి రాసి చెయ్యి వంకర పోయింది. కాబట్టి నా జవాబులో కొంత పుస్తకం ఉంటుంది, కొంత ఫైళ్ళ దుమ్ము ఉంటుంది.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. ముందు దాని పక్షమే చెబుతాను.

1990ల్లో ఒక ఎండాకాలం. ఆత్మకూరుకు పైన ఒక మెట్ట ఊరు, పేరెందుకులే. మంచినీళ్ళ బోరు మోటారు కాలిపోయింది. వైండింగు పోయింది, అంతే. ఆత్మకూరులో మెకానిక్‌కి సాయంత్రం ఇస్తే పొద్దునకల్లా చుట్టి ఇచ్చేవాడు. కానీ పద్ధతి ప్రకారం ముందు ఇంజనీరు వచ్చి చూడాలి, అంచనా వేయాలి, ఆయన పైవాడు సంతకం పెట్టాలి, ఆ పైవాడు మంజూరు చేయాలి. ఫైలు నెల్లూరు బస్సెక్కింది. ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లారుజామునే బిందెలు పట్టుకుని ఊరి చివర ఒక రైతు బోరు దగ్గర లైను కట్టారు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్ళు. తొమ్మిదో రోజు ఇక ఓపిక లేక తలా కొంత చందా వేసుకుని మోటారు బాగు చేయించుకున్నారు. మరో రెండు వారాలకు మంజూరు కాగితం వచ్చింది. పని ముందే అయిపోయింది కాబట్టి డబ్బు డ్రా చేయడానికి వీల్లేదన్నారు. చందా ఇచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన నేనెక్కడ కనిపించినా ‘ఏం సారూ, మోటారు కాయితం ఇంకా తడారలేదా?’ అని అడిగేవాడు. ఆ ఊరు దాటి ట్రాన్స్‌ఫరయ్యేదాకా ఆయన్ని తప్పించుకుని తిరిగాను.

ఎక్కడి సంగతి అక్కడివాళ్ళకే బాగా తెలుస్తుంది, అక్కడే తేలిస్తే పని తొందరగా, తక్కువలో అవుతుంది అని నీ పుస్తకం చెప్పేది ఇదే. పెన్నా కింద మాగాణి ఊరికీ, ఉదయగిరి కొండ కింద వానకు మొహం వాచిన ఊరికీ ఒకే జీవో పంపితే ఒక చోట నవ్వుతారు, ఇంకో చోట ఏడుస్తారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

కానీ దూరం నుంచి మోటారు బాగు చేయడం కష్టమని ఢిల్లీకి 1950లో తెలుసు, 1970లోనూ తెలుసు. తెలిసి కూడా చేతిలోనే పెట్టుకుంది. మరి పంచాయతీలను రాజ్యాంగంలోకి ఎక్కించిన 73వ సవరణ 1992లోనే ఎందుకొచ్చింది? అందుకే ఇలాంటి ప్రశ్న కనబడినప్పుడు ‘ఎందుకిచ్చారు’ అనే కంటే ముందు ‘ఎప్పుడిచ్చారు’ అని అడుగు. తేదీ దొరికితే కారణం దాని వెనకాలే నడిచొస్తుంది. నా అనుభవంలో అధికారం ఉన్నవాడు దాన్ని ఉంచుకోవడం కంటే ఇచ్చేయడమే చవక అనిపించిన రోజున ఇస్తాడు. చవక అంటే డబ్బు లెక్క ఒక్కటే అనుకోకు. పడాల్సిన తిట్లు, పోయే ఓట్లు, దేశమే చేజారుతుందన్న భయం, అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

తెల్లదొరల దగ్గర మొదలుపెడదాం. 1857 తర్వాత బ్రిటిష్ ఇండియా ఖజానా లోటులో పడింది. 1870లో వైస్రాయ్ మేయో జైళ్ళు, పోలీసు, చదువు, ఆసుపత్రులు, రోడ్లు ప్రావిన్సులకు అప్పగించాడు. ఏటికి ఇంత అని ఒక మొత్తం కట్టి, చాలకపోతే స్థానికంగా పన్నులు వేసుకోమన్నాడు. మరుసటి ఏడే మద్రాసు ప్రెసిడెన్సీలో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది, భూమి మీద సెస్సు పడింది. మన నెల్లూరు రైతు కూడా కట్టాడన్నమాట. 1882లో రిపన్ వచ్చి, స్థానిక ప్రభుత్వాలు జనానికి రాజకీయ శిక్షణనిచ్చే బడులని తీర్మానం రాశాడు. పాఠ్యపుస్తకాలన్నీ ఆయన్నే పొగుడుతాయి. మంచి మనసున్నవాడే అనుకుంటాను. కానీ తలుపు తీసింది మేయో జమాఖర్చుల పుస్తకం. రిపన్ దానికి తోరణం కట్టాడు.

1919 సంస్కరణల్లో ఈ తెలివి ఇంకా ముదిరింది. చదువు, ఆరోగ్యం, వ్యవసాయం, స్థానిక సంస్థలు మన మంత్రుల చేతికొచ్చాయి. పోలీసు, భూమి శిస్తు, ఖజానా దొరల దగ్గరే ఉండిపోయాయి. బడి లేదని ఊరు తిట్టేది మంత్రిని, బడికి డబ్బివ్వాల్సింది దొర. మీ అమ్మగారి బల్బు కథకు వందేళ్ళు దాటాయి.

రెండో రకం కారణాన్ని నువ్వు రోజూ అడ్రసులో రాస్తున్నావు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని. భాషా రాష్ట్రాలంటే ఢిల్లీకి అప్పట్లో ఇష్టం లేదు. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల జేవీపీ కమిటీ 1949లో ఇప్పుడప్పుడే వద్దంది. ఆంధ్ర సంగతి చూడవచ్చు గానీ మద్రాసు మీద ఆశ వదులుకోవాలని మెలిక పెట్టింది. 1952 అక్టోబరు 19న శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. ఆ తర్వాత ఆంధ్ర ఊళ్ళు భగ్గుమన్నాయి, రైళ్ళు ఆగాయి, కాల్పులు జరిగాయి. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని ప్రకటించారు. మూడేళ్ళుగా కమిటీల్లో నానుతున్న విషయం నాలుగు రోజుల్లో తేలింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడితే మొదటి ముఖ్యమంత్రి ఒంగోలు పక్క వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం. 1972లో పక్క జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అంటే ఒక జిల్లా పేరు అధికారం తేవడానికి ప్రాణం పెట్టినాయనది, రెండో జిల్లా పేరు ఆ అధికారం అందుకున్నాయనది. ఈ ప్రశ్న మీద పరీక్ష రాసేవాళ్ళలో మన రెండు జిల్లాల పిల్లలకున్న సౌకర్యం ఇంకెవరికీ లేదు, వాడుకో.

బయటి దేశాల్లోనూ ఈ భయమే చాలా చోట్ల పని చేసింది. స్పెయిన్‌లో 1975లో ఫ్రాంకో పోయాక, 1978 రాజ్యాంగం బాస్కులకు, కాటలాన్లకు స్వయంపాలన దారి తెరిచింది. బ్రిటన్ 1997లో స్కాట్లండ్‌లో రెఫరెండం పెట్టి, 1999కల్లా వాళ్ళకు పార్లమెంటు ఇచ్చింది. దీంతో వేరుపోతామనే పార్టీ చల్లబడుతుందని లండన్‌లో కొందరు ధీమాగా ఉన్నారు. 2014లో ఏకంగా విడిపోవాలా వద్దా అన్న ఓటింగే జరిగింది. 55 శాతం మంది వద్దన్నారు కాబట్టి గండం గడిచింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇండోనేషియా. ముప్పై ఏళ్ళకు పైగా జకార్తాలో కూర్చుని అన్నీ నడిపిన సుహార్తో 1998లో దిగిపోయాడు. మరుసటి ఏడు తూర్పు తైమూరు ఓటేసి బయటికెళ్ళింది. ఆచేలో తుపాకులు మోగుతున్నాయి. పాపువాలో జెండాలు లేస్తున్నాయి. ఆ గడబిడలోనే 1999లో రెండు చట్టాలు చేసి, 2001 జనవరి 1 నుంచి ఒక్క దెబ్బతో అమలు పెట్టారు. ఇరవై లక్షలకు అటూ ఇటూగా ఉద్యోగులు కేంద్రం నుంచి కిందికి మారారు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. అధికారం ఎవరి చేతికెళ్ళిందో మాత్రం జాగ్రత్తగా చూడు. ప్రావిన్సులను పక్కన పెట్టి, వాటి కిందుండే జిల్లాలకు, పట్టణాలకు ఎక్కువ ఇచ్చారు. ప్రావిన్సుకి ఒక భాష, ఒక చరిత్ర, ఒక జెండా ఉంటాయి. బలం పెరిగితే వేరు కాపురం పెడతానంటుంది. జిల్లా వేరుపోతానన్నా నమ్మేవాడెవడు? ఎందుకిచ్చారన్న దానికి జవాబు ఎవరికిచ్చారన్న దాంట్లో దాగి ఉంది. ఆచే, పాపువాలకు మాత్రం చివరికి 2001లో విడిగా ప్రత్యేక ప్రతిపత్తి ఇవ్వక తప్పలేదు.

ఇలా మధ్యవాణ్ణి దాటేయడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. తాత కొడుకును కాదని మనవడి చేతిలో డబ్బు పెడితే అది మనవడి మీద ప్రేమా, కొడుకు మీద కోపమా? 1989లో రాజీవ్ గాంధీ పంచాయతీల కోసం 64వ సవరణ బిల్లు తెచ్చినప్పుడు మన దేశంలో ఇదే చర్చ నడిచింది. లోక్‌సభలో నెగ్గింది, రాజ్యసభలో పడిపోయింది. ఊళ్ళకు అధికారం వద్దని ఎవరూ అనలేదు. కాంగ్రెసేతర ముఖ్యమంత్రుల అనుమానం ఒకటే, మమ్మల్ని దాటేసి ఢిల్లీ నేరుగా ఊళ్ళతో మాట్లాడుకోవడానికి వేస్తున్న దొడ్డిదారి ఇది అని. మన ఎన్టీఆర్ కూడా ఆ ఎదురువర్గంలోనే ఉన్నారు. ఆయన మాత్రం తక్కువవారా! 1980ల మధ్యలో తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు పెట్టింది ఆయనే. ఆఫీసు ఊరికి దగ్గరైన మాట నిజం. పాత సమితి ప్రెసిడెంట్ల పెత్తనానికి చెల్లుచీటీ పడిన మాట కూడా అంతే నిజం. అప్పట్లో ఒక మాజీ సమితి ప్రెసిడెంటు ఇంట్లో కాఫీ తాగుతుంటే, గోడ మీద ఫొటోలు చూపిస్తూ ‘ఈ కుర్చీ ఇప్పుడు మ్యూజియంకి పనికొస్తుంది’ అన్నాడాయన. ఆ కుర్చీ నిజంగానే వరండాలో కోళ్ళగంప పక్కన పడి ఉంది.

ఈ ఆటలో ఆరితేరినవాడు పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్. 1959 అక్టోబరు 2న నెహ్రూ రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ మొదలుపెట్టారు, ఆ నెలలోనే మన రాష్ట్రానికీ వచ్చింది. సరిగ్గా అదే నెల చివర అయూబ్ ‘బేసిక్ డెమోక్రసీలు’ ప్రకటించాడు. పార్టీలు లేవు, పార్లమెంటు లేదు, కింద మాత్రం 80 వేల మంది స్థానిక సభ్యులు. 1960 ఫిబ్రవరిలో ఆ 80 వేల మందినే పిలిచి నా మీద నమ్మకం ఉందా అని అడిగాడు. నూటికి తొంభై ఐదు మంది ఉందన్నారు! తర్వాత జియా, ముషారఫ్ కూడా కుర్చీ ఎక్కాక స్థానిక ఎన్నికలు పెట్టించారు. సైనిక నియంతకు పంచాయతీ మీద అంత మోజెందుకో నువ్వే ఆలోచించు. మధ్యలో ఉండే పార్టీలు ఎండిపోతాయి, కిందివాడు నిధుల కోసం పైకి చూస్తూ ఉంటాడు.

ఇంకో కారణం ఉంది, పెద్దగా సాగదీయను. పై కుర్చీ దక్కదనుకున్న పార్టీ, దక్కినా నిలవదనుకున్న పార్టీ, కింద కొన్ని కుర్చీలను బలపరుచుకుంటుంది. గింజలన్నీ ఒకే గాదెలో పోయకూడదనే రైతు తెలివే ఇది. ఫ్రాన్స్‌లో 1982లో మిత్తెరాన్ ప్రభుత్వం ప్రాంతాలకు, పట్టణాలకు అధికారాలు ఇచ్చినప్పుడు ఆయన పార్టీకి అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా పారిస్‌లో అధికారం లేదు, 1977లో గెలుచుకున్న మునిసిపాలిటీలు మాత్రం చేతిలో ఉన్నాయి. ఆ పాత ఆకలిని గుర్తుపెట్టుకున్నారు. అప్పిచ్చేవాడి మాట కూడా ఒక్కోసారి ఉంటుంది. 1997లో మన రాష్ట్రంలో సాగునీటి సంఘాల చట్టం చేసి పది వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టినప్పుడు వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది.

ఇక మీ అమ్మగారి బల్బు దగ్గరికొద్దాం. ఖర్చును కిందికి తోసేయడానికి ఇచ్చే అధికారం ఇది. అర్జెంటీనాలో 1978లో సైనిక ప్రభుత్వం ప్రాథమిక బడులన్నీ రాష్ట్రాలకు ఇచ్చేసింది. జీతాలకు డబ్బు మాత్రం ఇవ్వలేదు. కాగితం మీద అది వికేంద్రీకరణే. మన దగ్గర రాజ్యాంగంలో 11వ షెడ్యూలు కింద 29 అంశాలు రాసి పెట్టారు. మంచినీళ్ళు, రోడ్లు, ఊళ్ళకు కరెంటు, చిన్న నీటిపారుదల, బడి, అన్నీ ఉన్నాయి. చదివితే కడుపు నిండిపోతుంది. తర్వాత 243జి అధికరణం తెరిచి ఇంగ్లీషులో ఒక్క క్రియాపదం చూడు. రాష్ట్రం ఈ అధికారాలు పంచాయతీలకు ‘ఇవ్వాలి’ అని ఉండదు, ‘ఇవ్వవచ్చు’ అని ఉంటుంది. ఐదేళ్ళకోసారి ఎన్నికలు పెట్టాల్సిందే, నిధుల పంపకం తేల్చే రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాల్సిందే. అధికారం మాత్రం ఇస్తే ఇవ్వవచ్చు! నేను సర్వీసులో గడిపిన కాలమంతా ఆ ఒక్క ‘వచ్చు’ కింద గడిచింది. ఆ పెట్టాల్సిన ఎన్నికలు కూడా చూశాంగా. 2013లో ఎన్నికైనవాళ్ళ గడువు 2018లో అయిపోతే, మళ్ళీ ఓటు పడింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో ప్రభుత్వం పెట్టిన స్పెషలాఫీసర్లదే పాలన.

డబ్బు సంగతి మీ అమ్మగారికి నేను చెప్పక్కర్లేదు. కేంద్రం వేసిన 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి గ్రామ పంచాయతీలకే గ్రాంటు ఇవ్వమంది, తాత మనవడికి ఇచ్చినట్టు. 15వ సంఘం వచ్చి అందులో 60 శాతం మంచినీళ్ళకు, పారిశుధ్యానికే వాడాలని ముడి వేసింది. ఆ వచ్చిన డబ్బును కూడా పంచాయతీల పాత కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని మన రాష్ట్రంలో సర్పంచులు పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కారు. ఢిల్లీ ఊరికిస్తుంది, నడిమధ్యలో ఉన్న రాష్ట్రం పాత బాకీ కింద పట్టుకుంటుంది. మనవడి చేతికొచ్చేసరికి చిల్లర. ‘రూపాయి లేకపాయె’ అని ఆమె అన్నది వేళాకోళం కాదు, పాస్‌బుక్కు చదివింది.

పరీక్షలో పిల్లలు ఎక్కువగా పొరబడే చోటు ఇంకోటి చెబుతాను. ఆఫీసు దగ్గరికి రావడం వేరు, నిర్ణయం దగ్గరికి రావడం వేరు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్ల కోసం మండలానికి తిరిగే బాధ చాలావరకు తప్పింది, నాకు సంతోషమే. కానీ అందులో కూర్చునే సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, మహిళా పోలీసు ఎవరికి జవాబు చెప్పుకోవాలి? ఎవరి శాఖ పైఅధికారికి వాళ్ళు. ప్రభుత్వం ఊళ్ళోకొచ్చింది, ఊరికి మాత్రం ప్రభుత్వం రాలేదు. జిల్లాలు చీల్చడమూ అంతే. కందుకూరును 1970లో నెల్లూరు నుంచి తీసి ఒంగోలు కింద కలిపారు, 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరులో కలిపారు. కలెక్టరాఫీసుకు ఎక్కాల్సిన బస్సు మారింది. కందుకూరు తన గురించి తాను తేల్చుకునే విషయం ఒక్కటైనా పెరిగిందా?

ఊరికి ఇవ్వకూడని అధికారాలూ ఉన్నాయా అని నువ్వు అడగలేదు గానీ, ఈ జిల్లాల్లో పుట్టి అది దాటేసి జవాబు రాస్తే తప్పవుతుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఊరిని అజ్ఞానానికి, సంకుచితత్వానికి, మతతత్వానికి గుహ అన్నారు. గాంధేయులకు కోపమొచ్చింది. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. కారణం తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ. అక్కడ ఊరి పెద్దల చేతిలో అధికారానికి లోటేం లేదు, అదే అసలు జబ్బు. దాని తర్వాత 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఢిల్లీ నుంచి రావాల్సి వచ్చింది. అధికారం కిందికి దిగితే చాలు మంచిదే అని రాసేవాళ్ళ మీద నాకు అందుకే నమ్మకం తక్కువ. దిగి ఎవరి గుమ్మం దగ్గర ఆగిందో చూడాలి.

దీనికి రెండో వైపు దూబగుంట. అదీ మన నెల్లూరు జిల్లాదే. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి, సారా కొట్లు మూయించారు. వేలంపాటలు ఆపించారు. సారా వద్దని తీర్మానం చేసే అధికారం ఏ చట్టమూ వాళ్ళకివ్వలేదు. 29 అంశాల్లో ఎక్సైజు లేదు, చూసుకో. 1996 పీసా చట్టం షెడ్యూలు ప్రాంతాల, అంటే గిరిజన ప్రాంతాల గ్రామసభలకు మాత్రం మద్యం మీద మాట చెల్లే హక్కు ఇచ్చింది, మన మెట్ట ఊళ్ళు దాని కిందికి రావు. ఎందుకివ్వలేదో ఇప్పుడు నీకు చెప్పక్కర్లేదు, ఖజానాకు డబ్బొచ్చే కొట్టు అది. అయినా ఆ ఆడవాళ్ళు ఊరుకోలేదు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. ఉంచుకోవడం కంటే వదులుకోవడమే చవకయ్యేలా లెక్క తిప్పేశారు.

పరీక్షకు వచ్చేసరికి, ‘ప్రజల ముంగిటికి పాలన’ను చెరిపేయకు. ఒక్క పేరాలో పెట్టు. తర్వాత ‘అయితే ఆ సంవత్సరమే ఎందుకు’ అని మలుపు తిప్పు. నెహ్రూ నాలుగు రోజులు రాయి, ఇండోనేషియా జిల్లాలు రాయి, 64వ సవరణ రాయి. చివర 243జి పెట్టు. పేపరు దిద్దే ఆయన అప్పటికి ముంగిటి పాలన నలభైసార్లు చదివి అలసిపోయి ఉంటాడు.

మీ అమ్మగారి విషయం. వచ్చే ఎన్నికలకు రిజర్వేషన్ రొటేషన్‌లో మీ ఊరు ఎందులో పడుతుందో ముందు చూడండి, అది తేలకుండా ఇంట్లో గొడవ దేనికి? ఆ తర్వాత నిలబడాలా వద్దా అన్నది ఆమె చెప్పాలి. నీ ఉత్తరంలో ఊళ్ళోవాళ్ళ మాట ఉంది, నాన్న మాట ఉంది, నీ టెన్షన్ ఉంది. ఆమెకు ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. ఆడ సర్పంచి ఇంటికి వెళ్ళి ‘సార్ లేరా?’ అని అడిగే ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను. కొత్తలో నేనూ ఒకణ్ణి. నువ్వు కూడా ఆ పనే చేస్తున్నావేమో చూసుకో.

డబ్బు లేదన్నది నిజమే అయినా, ఏమీ లేదన్నది పూర్తిగా నిజం కాదు. గ్రాంటులో ముడి వేయని భాగం కొంత ఉంది. ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత వేలం ఉన్నాయి. ఆ సొంత ఆదాయం కూడా ట్రెజరీ ఖాతాలోనే పడుతుంది, నాకు తెలుసు, అయినా అది ఊరి పేరు మీద పడుతుంది. ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు తెప్పించుకుని మీ ఇద్దరూ ఒక పూట కూర్చుని చూడండి. మా కాలంలో సగం ఊళ్ళల్లో కొత్తగా లేచిన మిద్దెలు అందులో ఉండేవి కావు, కూలిపోయిన పూరిళ్ళు మాత్రం ఉండేవి. ఆ మిద్దెలు ఎవరివో చూస్తే, ఎక్కించకపోవడానికి కారణం కూడా తెలిసేది. మీ ఊరి వార్షిక ప్రణాళిక ఆన్‌లైన్‌లో ఉంటుంది, దాంట్లో ఏ పనులున్నాయో ఆమె పెట్టించినవేనా అని చదివి వినిపించు. పరీక్ష పేపరు వినిపించావుగా, ఇది అంతకంటే ఆసక్తిగా వింటుంది.

ఇంకొక్కటి. ఇప్పుడు చెక్కులు పోయాయి. పంచాయతీ డబ్బు కదలాలంటే సర్పంచి డిజిటల్ సంతకం, కార్యదర్శి డిజిటల్ సంతకం రెండూ పడాలి. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న కీ అది. నేను మాట్లాడిన ఆడ సర్పంచుల్లో చాలామంది ‘అది ఆఫీసులోనే ఉంటుంది సార్, వాళ్ళే చూసుకుంటారు’ అన్నారు. ఒకామె మాత్రం పసుపుతాడుకు కట్టుకున్నట్టు తాళాల గుత్తికి కట్టుకుని, కొంగున దోపుకుని తిరిగేది. ఆమె వస్తేగాని బిల్లు కదిలేది కాదు, ఆమె చదివితేగాని ఆమె వచ్చేది కాదు. ఈ ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మగారిని అడుగు, ఆ కీ ఎక్కడుంది, దాని పాస్‌వర్డు ఎవరికి తెలుసు అని. ఆమె ఏం చెప్పిందో నాకు మళ్ళీ రాయి. పోటీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.